పికో బెలూన్: గ్రాములు తూచడం నుంచి గాల్లో వదలడం దాకా

ముందుగా ఒక త్రాసు కొనండి. బంగారం కొట్లో ఉండేలాంటిది, 0.01 గ్రాము దాకా చూపించేది. రేడియో భాగాలు, బెలూన్, హీలియం అన్నీ ఆ తర్వాతే. నేను డల్లాస్ శివార్లలోని ఒక ఖాళీ మైదానం నుంచి ఇప్పటికి నాలుగు పికో బెలూన్లు వదిలాను. మొదటి రెండూ ఒక రోజు కూడా నిలవలేదు. రెండిట్లోనూ సర్క్యూట్ బాగానే పనిచేసింది, గ్రాముల లెక్కే తప్పింది. టంకం సరిగా పడకపోతే బల్ల మీదే దిద్దుకోవచ్చు. బరువులో తప్పు మాత్రం పది కిలోమీటర్ల పైకి వెళ్ళాక బయటపడుతుంది, అప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఈ మార్గదర్శిలో సోల్డరింగ్ కన్నా తూకం గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఈ బెలూన్ గురించి తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. వాతావరణ శాఖ వదిలే రబ్బరు బెలూన్ పైకి పోయే కొద్దీ ఉబ్బి, చివరికి పగిలి కింద పడుతుంది. పికో బెలూన్‌కి వాడే ప్లాస్టిక్ ఫిల్మ్ అలా సాగదు. వదిలేటప్పుడు సగం కూడా నిండకుండా వడలినట్టు ఉంటుంది. పైన గాలి పలచబడే కొద్దీ లోపలి గ్యాస్ వ్యాకోచించి, ఒక ఎత్తులో బెలూన్ బిగుతుగా నిండిపోతుంది. అక్కడి నుంచి అది పైకీ పోదు, కిందికీ దిగదు, గాలితో పాటు తేలుతూ పోతుంది. సాధారణంగా ఆ ఎత్తు 8 నుంచి 13 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దాని కింద పది పదిహేను గ్రాముల రేడియో ట్రాకర్ వేలాడుతుంది. బ్యాటరీ ఉండదు, ఎండ ఉన్నంతసేపు సోలార్ ముక్కలతో నడుస్తుంది. అన్నీ కుదిరితే రెండు మూడు వారాల్లో భూమిని ఒకసారి చుట్టి వస్తుంది. కొన్ని బెలూన్లు నెలల తరబడి తిరుగుతూనే ఉంటాయి.

లైసెన్సు, అనుమతులు

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇది తేలిక. 20 మీటర్ల బ్యాండ్‌లో, అంటే 14 మెగాహెర్ట్జ్ దగ్గర, ప్రసారం చేయాలంటే హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) జనరల్ లైసెన్సు ఉండాలి, టెక్నీషియన్ స్థాయి చాలదు. బెలూన్ల మీద ఉన్న విమానయాన నియమాలు, అంటే ఎఫ్‌ఏఏ పార్ట్ 101, చాలావరకు కొన్ని పౌండ్ల బరువు మోసే వాటికే వర్తిస్తాయి. 14 గ్రాముల ట్రాకర్ ఆ దరిదాపుల్లోకి కూడా రాదు. అయినా నేను విమానాశ్రయం దగ్గర్లో వదలను. కట్టే దారం గట్టిగా లాగితే తెగిపోయేంత సన్నగా ఉండేలా చూసుకుంటాను.

ఇండియాలో ఉన్న మిత్రులకు సంగతి వేరు. హ్యామ్ లైసెన్సు కోసం టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పెట్టే ఏఎస్‌ఓసీ పరీక్ష రాయాలి. 12 ఏళ్ళు నిండితే రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ వాళ్ళ కాల్ సైన్ (రేడియోలో వాళ్ళని గుర్తించే పేరు) వీయూ3తో, జనరల్ గ్రేడ్ వాళ్ళది వీయూ2తో మొదలవుతుంది. హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థలో శిక్షణ కూడా దొరుకుతుంది. కానీ ఆ లైసెన్సు చేతికి రాగానే బెలూన్ వదిలేయకండి. ఆకాశం పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, వైమానిక దళం చూసుకునే విషయం. పైగా బెలూన్ సరిహద్దులు దాటి పోతుంది. తేలికపాటి బెలూన్లలో కూడా కేవలం వాతావరణ పరిశీలనకు వాడేవాటికి తప్ప, వేరే దేశం మీదుగా పోవడానికి ఆ దేశం అనుమతి కావాలని అంతర్జాతీయ విమానయాన నియమాలు చెబుతాయి. అందుకే క్లబ్బు తరఫునో కాలేజీ తరఫునో దరఖాస్తు పెట్టి, రాతపూర్వక అనుమతి వచ్చాకే వదలండి. కాగితం లేకుండా మాత్రం వద్దు.

ఈ జాగ్రత్త ఊరికే చెప్పడం లేదు. 2023 ఫిబ్రవరి 11న అమెరికా యుద్ధ విమానం కెనడాలోని యూకాన్ మీద గుర్తు తెలియని వస్తువును క్షిపణితో కూల్చింది. ఇల్లినాయ్‌లోని ఒక హ్యామ్ క్లబ్బు వదిలిన పికో బెలూన్ సరిగ్గా ఆ రోజుల్లోనే అలాస్కా తీరం దగ్గర చివరిసారిగా కనిపించి ఆగిపోయింది. కూలింది అదేనని అధికారికంగా ఎవరూ తేల్చలేదు. కానీ మన చేతి నుంచి వదిలిన చిన్న వస్తువు ఎవరికో పెద్ద టెన్షన్ కావచ్చని హ్యామ్‌లందరికీ ఆ వారంలో అర్థమైంది.

ట్రాకర్

ఇప్పుడు ఎక్కువమంది వాడే పద్ధతి విస్పర్. పేరుకు తగ్గట్టే గుసగుస లాంటి సంకేతం. నోబెల్ బహుమతి పొందిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త జో టేలర్ 2008లో దీన్ని తయారుచేశారు. పంపే సమాచారం 50 బిట్లే: కాల్ సైన్, నాలుగక్షరాల గ్రిడ్ లొకేటర్ (భూమిని గడులుగా విడగొట్టి, ఏ గడిలో ఉన్నామో చెప్పే కోడ్), పవర్. ఆ 50 బిట్లు పంపడానికి 110.6 సెకన్లు తీసుకుంటుంది. సంకేతం వెడల్పు 6 హెర్ట్జ్ మాత్రమే. ఇంత నెమ్మదిగా, ఇంత సన్నగా పంపడం వల్లే 10 మిల్లీవాట్ల ట్రాన్స్‌మిటర్ కూడా సముద్రం అవతల వినిపిస్తుంది. ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి ఇంతకన్నా ఎక్కువ కరెంటు పడుతుంది.

సరుకు పెద్దగా లేదు. ఆర్‌పీ2040 చిప్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు, రేడియో సంకేతాన్ని పుట్టించే ఎస్‌ఐ5351 క్లాక్ చిప్, ఏటీజీఎం336హెచ్ లాంటి చిన్న జీపీఎస్ మాడ్యూల్. ఈ మూడింటినీ కలిపి ట్రాకిటో అనే ఓపెన్ సోర్స్ డిజైన్ ఉంది. మొదటిసారి కట్టేవాళ్ళు అదే తీసుకోండి. సొంత డిజైన్ మోజు రెండో బెలూన్‌కి ఉంచుకోవచ్చు.

నాలుగక్షరాల గ్రిడ్ అంటే చాలా పెద్ద గడి. హైదరాబాద్ ఉన్న ఎంకే 97 గడి తూర్పు పడమరలుగా 200 కిలోమీటర్లకు పైగా, ఉత్తర దక్షిణాలుగా 111 కిలోమీటర్లు ఉంటుంది. అందుకే ట్రాకర్ మామూలు సందేశం పంపిన వెంటనే, తర్వాతి రెండు నిమిషాల గడువులో రెండో సందేశం పంపుతుంది. అందులో కాల్ సైన్, గ్రిడ్, పవర్ ఉండాల్సిన చోట కచ్చితమైన స్థానం, ఎత్తు, ఉష్ణోగ్రత, వోల్టేజి, వేగం కోడ్ చేసి దాచుతుంది. ఇలా పంపే బెలూన్లు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా 600 ఛానెళ్ళు ఉన్నాయి. ఖాళీ ఛానెల్ చూసి ఎంచుకుని, ట్రాకర్‌లో అదే నంబరు పెట్టారో లేదో రెండుసార్లు సరిచూసుకోండి. ఇక్కడ ఒక అంకె తప్పితే బెలూన్ బాగా ఎగిరినా దాని సమాచారం మనకు అర్థం కాదు.

యూ-బ్లాక్స్ జీపీఎస్ వాడేవాళ్ళకి ఒక మాట. మామూలు మోడ్‌లో అది 12 కిలోమీటర్లు దాటితే స్థానం చెప్పడం మానేస్తుంది. ఎయిర్‌బోర్న్ మోడ్‌లోకి మార్చే కమాండ్ ప్రోగ్రాంలో తప్పకుండా ఉండాలి, అదీ జీపీఎస్ ఆన్ అయిన ప్రతిసారీ వెళ్ళాలి. హ్యామ్ ప్రసారాలకు అనుమతి లేని దేశాల మీదికి పోయినప్పుడు ట్రాన్స్‌మిటర్ తనంతట తానే ఆగిపోయేలా సరిహద్దుల పట్టిక కూడా పెట్టండి.

సోలార్ ముక్కలు

0.5 వోల్టుల సన్నని సిలికాన్ ముక్కలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అప్పడంలా పెళుసుగా ఉంటాయి, కొన్ని విరుగుతాయి, కాబట్టి అవసరానికి రెట్టింపు తెప్పించుకోండి. వరుసగా ఎన్ని కలపాలి అన్న చోట చాలామంది పొరబడతారు. ముక్కలు ఎక్కువైతే మంచిదేగా అనిపిస్తుంది. కానీ చలికి సిలికాన్ వోల్టేజి పెరుగుతుంది, ఒక్కో ముక్కకి డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు. ఇంట్లో 25 డిగ్రీల దగ్గర లోడ్ లేకుండా 0.6 వోల్టులు చూపించే ముక్క, పైన మైనస్ 50 దగ్గర 0.75 చూపిస్తుంది. ఎనిమిది కలిపితే 6 వోల్టులు. పికో బోర్డు తట్టుకునేది 5.5 వోల్టులే. ఏడు కలిపితే 5.25, అంటే అంచు మీద ఉన్నట్టు. నేను ఆరుతో సరిపెట్టుకుంటాను.

ముక్కల్ని పళ్ళెంలా చదునుగా పరచకండి. చలికాలంలో ఎండ వాలుగా వస్తుంది, చదును ప్యానెల్ మీద సరిగా పడదు. గుడారం ఆకారంలో రెండు వైపులా పెట్టండి. బరువు రెట్టింపైనా ఉదయం గంట ముందే ట్రాకర్ లేస్తుంది.

ఇంకో చిక్కు తెల్లవారుజామున వస్తుంది. వెలుగు కొంచెం రాగానే ప్రాసెసర్ లేచి జీపీఎస్‌ని ఆన్ చేస్తుంది. జీపీఎస్ కరెంటు లాగగానే వోల్టేజి పడిపోయి అంతా రీసెట్ అవుతుంది. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పడుతుంది. వోల్టేజి నిలకడగా ఉందో లేదో కొలిచి, ఉంటేనే జీపీఎస్ ఆన్ చేసేలా ప్రోగ్రాం ఉండాలి. దీన్ని బల్ల మీద పవర్ సప్లైతో పరీక్షిస్తే తెలియదు. సూర్యోదయానికి ముందే ట్రాకర్ని పెరట్లో పెట్టి, పక్కన రిసీవర్ పెట్టుకుని కూర్చోండి. ఎన్ని గంటలకి మొదటి సంకేతం వచ్చిందో రాసుకోండి. వరుసగా మూడు ఉదయాలు తడబడకుండా లేస్తేనే అది ఎగరడానికి సిద్ధమైనట్టు. చలి పరీక్షకు ఇంట్లో ఫ్రీజర్ మైనస్ 18 దాకానే ఇస్తుంది. డ్రై ఐస్ దొరికితే థర్మోకోల్ పెట్టెలో ట్రాకర్ని దానికి కాస్త ఎడంగా పెట్టి చూడండి. గది కిటికీలు తెరిచే ఉంచాలి.

యాంటెన్నా

14.097 మెగాహెర్ట్జ్‌కి హాఫ్‌వేవ్ డైపోల్ అంటే రెండు తీగలు, ఒక్కోటి 5.05 మీటర్లు. ఒకటి ట్రాకర్ పైన, ఒకటి కింద. పై తీగ బెలూన్‌కీ ట్రాకర్‌కీ మధ్య నిలువుగా ఉంటుంది, కింది తీగ ఊరికే వేలాడుతుంది. మోటార్ వైండింగ్ షాపుల్లో దొరికే సన్న రాగి తీగ చాలు. 0.1 మిల్లీమీటర్ల తీగ పది మీటర్లు తూస్తే 0.7 గ్రాములే.

బరువు మాత్రం రాగి తీగ మీద పడకూడదు. వదిలేటప్పుడు వచ్చే ఒక్క కుదుపుకే అది తెగిపోతుంది. సన్నని గాలం దారం బరువు మోయాలి, రాగి తీగ దాని పక్కన కాస్త వదులుగా నడవాలి. ప్రతి అర మీటరుకీ సన్నని పాలిఇమైడ్ (కాప్టన్) టేపు ముక్కతో రెండిటినీ కలపండి. మామూలు సెల్లో టేపు జిగురు పైన చలికి పనికిరాదు. కొసల్లో ఎనామెల్‌ని గీకి, మల్టీమీటర్‌తో చూసి, అప్పుడు టంకం వేయండి.

అన్నీ కలిపాక ట్రాకర్, సోలార్, తీగలు, దారం, టేపు, చిన్న కాగితం చీటీతో సహా త్రాసు మీద పెట్టండి. నాది 14 గ్రాములు వచ్చింది. ఆ చీటీ మీద కాల్ సైన్, ఈమెయిల్, 'ప్రమాదం లేదు, హ్యామ్ రేడియో ప్రయోగం' అని రాస్తాను. 2022 డిసెంబరులో హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన పెద్ద బెలూన్ కింది క్యాప్సూల్ వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగితే అదేమిటో తెలియక జనం గుమిగూడారు. మనది అరచేతిలో పట్టేంతే. అయినా ఏ దేశంలో ఎవరి చేతికి దొరుకుతుందో తెలియదు, వాళ్ళు భయపడకూడదు.

బెలూన్‌ని సాగదీయడం

మెటల్ పూత మెరిసే పార్టీ బెలూన్ల కన్నా పారదర్శకమైన ఫిల్మ్ బెలూన్లు ఎండకి తక్కువ వేడెక్కుతాయి. అందుకే నేను అవే వాడతాను. కొన్న బెలూన్‌ని అలాగే వాడితే పైన మొదటిసారి బిగుసుకున్నప్పుడు అతుకుల దగ్గర చిరిగే ప్రమాదం ఉంది. ముందే నేల మీద మామూలు గాలితో నింపి, నెమ్మదిగా సాగదీయాలి. ఘనపరిమాణం కూడా పెరుగుతుంది.

పీడనం కొలవడానికి ఖరీదైన గేజ్ అక్కర్లేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో గోడకి బిగించి, సగం దాకా రంగు నీళ్ళు పోయండి. ఒక కొస బెలూన్‌కి కలపండి. రెండు వైపుల నీటి మట్టాల తేడాయే పీడనం. అక్వేరియం పంపుతో నింపుతూ ముందు 10 సెంటీమీటర్ల దగ్గర ఆపి ఒక గంట వదిలేయండి. తర్వాత 15, తర్వాత 20. నేను రెండు రోజుల్లో 30 సెంటీమీటర్ల దాకా తీసుకెళ్ళి, అక్కడ ఒక రాత్రంతా ఉంచుతాను. తెల్లారేసరికి మట్టం కొంత పడుతుంది, ఎందుకంటే ఫిల్మ్ ఇంకా సాగుతూ ఉంటుంది. మళ్ళీ నింపినా త్వరగా పడిపోతూ ఉంటే ఎక్కడో కారుతోందని అర్థం. సబ్బు నీళ్ళు వద్దు, తుడిచినా బరువు మిగులుతుంది. చీకట్లో టార్చి వెలుగులో అతుకులు పరిశీలించి, అనుమానం ఉంటే ఆ బెలూన్ పక్కన పెట్టేయండి.

ఆ తర్వాత చుట్టుకొలతలు కొలిచి ఘనపరిమాణం లెక్కగట్టుకోండి. గాలి పూర్తిగా తీసేసి, బెలూన్‌ని తూచండి.

అసలు లెక్క

హీలియం లీటరుకు దాదాపు ఒక గ్రాము ఎత్తుతుంది. హైడ్రోజన్ దాదాపు ఎనిమిది శాతం ఎక్కువ ఎత్తుతుంది, చవక కూడా. కానీ గాలిలో 4 నుంచి 75 శాతం దాకా కలిసి ఉంటే అంటుకుంటుంది. మొదటిసారి చేసేవాళ్ళు, పిల్లలు పక్కన ఉండేవాళ్ళు దాని జోలికి పోవద్దు. హీలియంలో కూడా పార్టీల కోసం అమ్మే సిలిండర్లలో గాలి కలిసి ఉండొచ్చు. వెల్డింగ్ గ్యాసులు అమ్మే చోట స్వచ్ఛత రాసి ఉన్నది తీసుకోండి.

ఇప్పుడు నా మూడో బెలూన్ లెక్క చూడండి. బెలూన్ 30 గ్రాములు, ట్రాకర్ 14 గ్రాములు, పూర్తిగా నిండితే పట్టేది 140 లీటర్లు. ఈ 44 గ్రాముల్ని మోసి, పైకి లాగడానికి ఇంకో 6 గ్రాములు మిగలాలి. దీన్నే ఫ్రీ లిఫ్ట్ అంటారు. మొత్తం 50 గ్రాముల లిఫ్ట్ కావాలి. బెలూన్ పక్కకు తోసిన గాలి బరువులో 86 శాతమే లిఫ్ట్‌గా మిగులుతుంది, తక్కినది హీలియం సొంత బరువుకే పోతుంది. 50ని 0.86తో భాగిస్తే 58 గ్రాములు, అదే పక్కకు తోసిన గాలి బరువు. అంటే హీలియం 8 గ్రాములు, తేలాల్సిన మొత్తం బరువు 52 గ్రాములు.

పైన 140 లీటర్ల గాలి బరువు ఎక్కడ సరిగ్గా 52 గ్రాములు అవుతుందో అదే మన బెలూన్ తేలే ఎత్తు. ఘనపు మీటరుకు 0.37 కిలోలు. ప్రామాణిక వాతావరణ పట్టికలో అది 11 కిలోమీటర్లకు కాస్త దిగువన వస్తుంది.

58ని 52తో భాగిస్తే 1.115. అంటే ఆ ఎత్తులో బెలూన్ లోపలి పీడనం బయటి కన్నా 11.5 శాతం ఎక్కువ ఉంటుంది. బయట దాదాపు 230 మిల్లీబార్లు కాబట్టి తేడా 26 మిల్లీబార్లు, మన యూ గొట్టంలో 27 సెంటీమీటర్ల నీరు. నేల మీద 30 దాకా తట్టుకున్న బెలూన్ ఇక్కడ నిలుస్తుంది. ఎండకి గ్యాస్ వేడెక్కితే ఇంకొంచెం పెరుగుతుంది, ఆ మాత్రం ఫిల్మ్ ఓర్చుకుంటుంది.

ఫ్రీ లిఫ్ట్ 6 బదులు 12 గ్రాములు పెట్టామనుకోండి. అదే లెక్క వేస్తే తేడా 22.6 శాతం అవుతుంది, గొట్టంలో 50 సెంటీమీటర్లు దాటిపోతుంది. నా మొదటి బెలూన్‌కి జరిగింది ఇదే. గాలి వీస్తున్న మైదానంలో నింపాను, త్రాసు ఊగుతోంది, ఇంకొంచెం లిఫ్ట్ ఉంటే మంచిదేలే అనుకున్నాను. చక చకా పైకి పోయింది, ఎత్తు పెరుగుతూ పెరుగుతూ 10 కిలోమీటర్లు దాటాక ఒక్కసారిగా పడిపోయింది. ఆ మూడు గంటలూ స్క్రీన్ ముందు నుంచి లేవకుండా చూశాను.

రెండోసారి భయపడి 3 గ్రాములే పెట్టాను. ఆ ఉదయం తేమ ఎక్కువ. చదరపు మీటరు మీద మిల్లీమీటరులో నూరో వంతు మందాన మంచు పట్టినా 10 గ్రాములు. బెలూన్ ఉపరితలం చదరపు మీటరు పైనే ఉంటుంది. చెట్ల పైదాకా లేచి, అక్కడే తచ్చాడి, కిందికి వాలిపోయింది.

అందుకే 5 నుంచి 7 గ్రాముల మధ్య ఉండండి, పొడి ఉదయం కోసం ఎదురుచూడండి.

నింపడం

ఇంట్లోనే, ఫ్యాన్లు, ఏసీ ఆపేసి నింపండి. చిన్న ప్లాస్టిక్ సంచిలో ఇసుక పోసి సరిగ్గా 20 గ్రాములు తూచండి, అంటే ట్రాకర్ 14, ఫ్రీ లిఫ్ట్ 6. ఆ సంచిని బెలూన్ మెడకి కట్టి, కొంచెం కొంచెం గ్యాస్ ఎక్కించండి. సంచి నేల విడిచి, పైకీ కిందికీ పోకుండా గాల్లో నిలిచిన క్షణం ఆపేయండి. గొట్టం బరువు బెలూన్ మీద పడకూడదు, కాబట్టి గొట్టం తీసేసి, మెడని వేళ్ళతో నొక్కి మళ్ళీ చూడాలి. మా ఇంట్లో మెడ పట్టుకునే పని మా అమ్మాయిది. "నాన్నా, తేలింది, ఆపెయ్" అని నాకన్నా ముందే చెబుతుంది. దాని కళ్ళు సంచి ఎత్తులోనే ఉంటాయి మరి.

బెలూన్‌లో ఉండే సొంత వాల్వ్‌ని నమ్మకండి. మెడని ప్యాకింగ్ సీలర్‌తోనో, జుట్టు స్ట్రెయిటెనర్‌తోనో రెండు మూడు గీతలుగా వేడి చేసి అతకండి. ముందు అదే రకం ఫిల్మ్ ముక్క మీద ఎంత వేడి, ఎన్ని సెకన్లు అని చూసుకోవాలి. ఎక్కువైతే కరిగి చిల్లు పడుతుంది. అతికాక సంచి కట్టి మళ్ళీ తూగించండి. ఒక గంట తర్వాత ఇంకోసారి. సగం గ్రాము తగ్గినా ఆ రోజుకి ఆపేయడమే మంచిది.

ఏ రోజు, ఎటు పోతుంది

అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా వారి హైస్ప్లిట్ అనే వెబ్ పేజీలో మన ఊరు, తేలే ఎత్తు ఇస్తే రాబోయే రోజుల దారి గీసి చూపిస్తుంది. దానితో పాటు 250, 200 మిల్లీబార్ల గాలి పటాలు కూడా చూడండి. అవి సుమారు పదిన్నర, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులు. మొదటి రోజు దారిలో ఉరుముల మేఘాలు ఉండకూడదు, అవి బెలూన్ తేలే ఎత్తు దాటి కూడా లేస్తాయి. మామూలు మబ్బుల్లో కూడా మంచు పడుతుంది. నిర్మలమైన ఆకాశం, నేల మీద గాలి కదలని ఉదయం కావాలి. టెక్సస్‌లో చలికాలం అయితే పడమటి గాలి గట్టిగా ఉంటుంది, బెలూన్ మర్నాటికి అట్లాంటిక్ మీద ఉంటుంది.

దక్షిణ భారతంలో సంగతి నెలని బట్టి మారుతుంది. చలికాలంలో ఈ ఎత్తులో గాలి సాధారణంగా తూర్పుకే తీసుకెళ్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం తలకిందులవుతుంది. ఇంకాస్త పైన ఉష్ణమండలపు తూర్పు జెట్ ప్రవాహం వీస్తూ, తన దారిలో పడినదాన్ని అరేబియా సముద్రం దాటించి ఆఫ్రికా వైపు లాక్కెళ్తుంది. ఆ జెట్ ప్రవాహాన్ని 1958లో ప్రపంచానికి వివరించింది తెలుగువాడైన పంచేటి కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్ అయ్యారు. బెలూన్ దారి పటం చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

వదలడం

సూర్యుడు బాగా పైకి వచ్చాక మొదలు పెట్టండి, ట్రాకర్‌కి ఎండ కావాలి. బెలూన్‌ని కారులో తెచ్చేటప్పుడు లోపల పాత దుప్పటి పరవండి, సీటు బెల్టు కొక్కెం చాలు చిల్లు పడటానికి. మైదానంలో ముందు కింది తీగని గాలి పోయే దిశకి ఎదురుగా నేల మీద పరచండి. ట్రాకర్ని ఎండలో పెట్టి, జీపీఎస్ అందుకునేదాకా ఆగండి. పక్కన రిసీవర్, ల్యాప్‌టాప్ పెట్టుకుని కనీసం ఒక పూర్తి సందేశం, దాని వెనకే వచ్చే రెండో సందేశం రెండూ చదివాకే బెలూన్‌ని కట్టండి. ట్రాకర్ పది నిమిషాలకొకసారే పంపుతుంది కాబట్టి ఓపిక పట్టాలి.

ఇద్దరు కావాలి. ఒకరు బెలూన్‌ని, ఒకరు ట్రాకర్ని పట్టుకోవాలి. బెలూన్ పట్టుకున్నవాళ్ళు దారాన్ని మెల్లగా చేతిలోంచి జారనివ్వాలి, ఒక్కసారి వదిలేస్తే కుదుపు వస్తుంది. ఐదు మీటర్లూ పైకి పోయి దారం బిగుసుకోగానే ట్రాకర్ పట్టుకున్నవాళ్ళు గాలితో పాటు నాలుగడుగులు నడిచి, ట్రాకర్‌ని అరచేతుల మీద నుంచి లేవనివ్వాలి. కింది తీగ దానంతటదే లేస్తుంది. తీగ ఎవరి కాలి కింద ఉందో ముందే చూసుకోండి.

ఇంత తక్కువ లిఫ్ట్‌తో 11 కిలోమీటర్లు ఎక్కడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఎత్తు పెరగడం ఆగి, రెండు గంటల పాటు వంద రెండు వందల మీటర్ల తేడాలోనే ఉంటే బెలూన్ నిలిచినట్టే.

తర్వాత

సూర్యాస్తమయంతో సంకేతం ఆగిపోతుంది. రాత్రి గ్యాస్ చల్లబడి లోపలి పీడనం తగ్గుతుంది. మర్నాడు ఉదయం మళ్ళీ అదే ఎత్తులో కనిపిస్తే అతుకులు బాగున్నాయన్నమాట. రోజూ ఎత్తు, వోల్టేజి రాసి పెట్టుకోండి. ఎత్తు పగటిపూట కూడా రోజుకింత దిగుతూ పోతే గ్యాస్ కారుతోందని గుర్తు.

సముద్రాల మీద వినేవాళ్ళు తక్కువ. ఇండియాలో ఉన్న హ్యామ్‌లు బెలూన్ వదలకపోయినా ఇక్కడ పెద్ద సాయం చేయగలరు. పెరట్లో ఒక తీగ, హెచ్‌ఎఫ్ రిసీవర్, డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని 14.0956 మెగాహెర్ట్జ్ దగ్గర పగలంతా వదిలేస్తే, దాటిపోయే బెలూన్ల సందేశాలు అందుకుని, అందరూ చూడగలిగే విస్పర్‌నెట్ అనే వెబ్‌సైట్‌కి పంపుతూ ఉంటుంది. నా మూడో బెలూన్ ఆఫ్రికా దాటాక రెండు రోజులు కనపడలేదు. మూడో రోజు ఎంఎల్ 91 అని చూపించింది. పటం తెరిచి చూస్తే నాగపూర్ పరిసరాలు, మా ఊరికి ఒక రాత్రి రైలు ప్రయాణం. వెంటనే అమ్మకి ఫోన్ చేసి, ఉత్తరం వైపు ఆకాశంలో మన బెలూన్ పోతోందని చెప్పాను. డాబా ఎక్కి చూసిందట. ఆ దూరానికి కనిపించదని తనకీ తెలుసు.

ఒక రోజు సంకేతం రాకపోతే కంగారు పడకండి. వినే స్టేషన్ లేకపోవచ్చు, చలికాలపు ధ్రువ ప్రాంతంలోకి పోయి ఎండ చాలకపోవచ్చు. వారాల తరబడి జాడ లేకుండా పోయి తిరిగి వినిపించిన బెలూన్లు ఉన్నాయి. అందుకే పాత బెలూన్ ఛానెల్ నంబరును కొత్తదానికి ఇవ్వకండి, కనీసం కొన్ని నెలలు ఖాళీగా ఉంచండి.